లోపలివారి రోజ్‌నామ్చాలు - బయటివారి బ్రతుకులు

చరిత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చేవి రాజులు, యుద్ధాలు, తారీఖులు. ఫలానా సంవత్సరంలో ఫలానావాడు గద్దె నెక్కాడు, ఫలానా సంధి జరిగింది అని పాఠ్యపుస్తకం చెబుతుంది. పిల్లలు బట్టీ పడతారు, పరీక్ష కాగానే మరచిపోతారు. అయితే ఆ గద్దె నెక్కే ముందు రాత్రి ఏ గదిలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారు? ఎవరు సరే అన్నారు, ఎవరు మొగం చిట్లించారు, ఎవరి చేతిలో ఎంత సొమ్ము పడింది? ఇవి పాఠ్యపుస్తకంలో ఉండవు. ఇవి తెలియాలంటే ఆ గదిలో ఉన్నవాడు ఎవడో ఒకడు ఇంటికి వచ్చి, దీపం దగ్గర పెట్టుకుని, ఆనాటి సంగతి ఆనాడే వ్రాసి ఉండాలి. అలా వ్రాసినదాన్ని ఇంగ్లీషువారు డైరీ అన్నారు, తెలుగులో దినచర్య అన్నాము, ఉర్దూలో రోజ్‌నామ్చా అంటారు.

రాజకీయ నాయకులు, దివానులు, రాయబారులు వ్రాసుకున్న ఇటువంటి దినచర్యలు అచ్చయి మన చేతికి వచ్చినప్పుడు వాటిని ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి అనే విషయం గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచాము. మేము చెప్పదలచిన అసలు సంగతి ఒక్కటే. అధికారం లోపల కూర్చున్న మనిషి అప్పటికప్పుడు వ్రాసిన కాగితాన్ని మించిన సాక్ష్యం దొరకడం కష్టం. కాని ఆ సాక్ష్యం ఆ గది గోడల వరకే. గోడ అవతల ఉన్నవాడి సంగతి ఆ కాగితంలో వెదికితే తరచుగా దొరకదు. దానిని అవతలివాడే వ్రాసుకోవాలి.

ఈ అలవాటు మన దేశానికి కొత్తది కాదు. బాబరు తన జీవితాన్ని తానే తుర్కీ భాషలో వ్రాసుకున్నాడు. జహంగీరు పాదుషా ఫారసీలో తుజుక్ వ్రాశాడు. తండ్రి అక్బరుకు ప్రాణమిత్రుడైన అబుల్ ఫజల్‌ను 1602లో బీర్‌సింగ్ బుందేలా చేత తానే చంపించానని జహంగీరు అందులో దాచకుండా చెప్పుకున్నాడు. అయితే ఒకటి గమనించాలి. ఆ మాట వ్రాసేనాటికి ఆయన గద్దె మీద ఉన్నాడు, అడిగే నాథుడు లేడు. ఒప్పుకున్నంత మాత్రాన పశ్చాత్తాపం అనుకోనక్కరలేదు. మొగలాయీ ప్రభుత్వంలో వాకియా నవీసులని ఉండేవారు. సుబాలలో జరిగినదంతా వ్రాసి దర్బారుకు పంపడం వారి పని. వారు సరిగా వ్రాస్తున్నారో లేదో కనిపెట్టి రహస్యంగా వ్రాయడానికి ఖుఫియా నవీసులు వేరే ఉండేవారు. అనగా ఒక్క కలాన్ని నమ్మరాదని ఆనాటి ప్రభుత్వానికే తెలుసునన్నమాట. ఈ తెలివి పాఠకులమైన మనకు కూడా అవసరమే.

ఇక మన దక్షిణాదికి వద్దాము. ఈ దిక్కున ఇటువంటి దినచర్య అనగానే మొదట చెప్పవలసిన పేరు ఆనందరంగ పిళ్ళె. ఆయన 1709లో పుట్టాడు. పాండిచ్చేరిలో ఫ్రెంచివారి వద్ద వర్తకం చేసి, 1747లో గవర్నరు డూప్లేకు పెద్ద దుబాసీ అయినాడు. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసి మాట మార్చి చెప్పేవాడు అని అర్థం గాని, అసలు పని అంతకంటే చాలా పెద్దది. సరుకు కొనడం, అప్పులు ఇప్పించడం, నవాబులకు ఉత్తరాలు వ్రాయించడం, వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించడం, నజరానాలు లెక్క చూడడం అంతా ఆయన చేతి మీదుగా జరిగేది. తమిళులైన ఆయనకు తెలుగుతో కూడా సంబంధం ఉంది. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి ఆయన పేరు పెట్టి ఆనందరంగరాట్ఛందము అన్నాడు.

ఈయన 1736 సెప్టెంబరు నుండి 1761 జనవరి వరకు, అంటే సుమారు పాతికేళ్ళు, తమిళంలో దినచర్య వ్రాశాడు. పాండిచ్చేరి ఇంగ్లీషువారి వశం కావడానికి కొద్ది రోజుల ముందు కన్ను మూశాడు. ఆ పుస్తకాలు ఎనభై ఏళ్ళకు పైగా ఇంట్లోనే పడి ఉన్నాయి. 1846లో గాల్వా మోంబ్రూన్ అనే ఫ్రెంచి ఉద్యోగి కంట పడ్డాయి. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం వారు 1904 మొదలు 1928 వరకు పన్నెండు సంపుటాలుగా ఇంగ్లీషులో అచ్చు వేయించారు. బ్రతికి ఉండగా అచ్చు వేయాలని పిళ్ళె వ్రాయలేదు. అందువల్లనే దాని విలువ అంత ఎక్కువ.

అందులో ఏమున్నాయంటారా? 1746లో ఫ్రెంచివారు మద్రాసు పట్టుకున్నప్పుడు నౌకాదళాధిపతి లాబూర్‌డొనే సొమ్ము తీసుకుని ఊరు తిరిగి ఇచ్చేద్దామన్నాడు, డూప్లే వల్ల కాదన్నాడు. ఈ పేచీ మన పుస్తకాలలో రెండు పంక్తులలో తేలిపోతుంది. పిళ్ళె కాగితాలలో రోజురోజుకూ పెరుగుతూ పోతుంది. ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ కుమారుడు మహఫూజ్ ఖాన్ పెద్ద సైన్యంతో వచ్చి, అడయారు ఒడ్డున కొద్దిపాటి ఫ్రెంచి పటాలానికి ఓడిపోవడం ఆ ఏడాది సంగతే. ఈ అన్వరుద్దీన్ ఆర్కాటు వెళ్ళక పూర్వం నిజాం తరఫున మన సర్కారు ప్రాంతాలలో అధికారం చేసినవాడే.

ఇంకొక ఉదాహరణ. 1748లో ఇంగ్లీషువారు పాండిచ్చేరిని ముట్టడించినప్పుడు చర్చి ప్రక్కన ఉన్న ఈశ్వరుని ఆలయాన్ని ఫ్రెంచివారు పడగొట్టించారు. పిళ్ళె హిందువు. ఊరిలోని దేశీయులందరిలో పెద్ద పదవి ఆయనదే. గవర్నరు గదిలోకి ఏ వేళనైనా పోగలవాడు. అయినా ఆపలేకపోయాడు, ఆ బాధను కాగితం మీద పెట్టుకున్నాడు. మందిరమైనా మసీదైనా, పడిపోయినప్పుడు అక్కడివారి గుండె ఎలా ఉంటుందో ఎవరికైనా తెలిసినదే. ఇక్కడ మనం నేర్చుకోవలసిన పాఠం ఇంకొకటి ఉంది. గది లోపల కుర్చీ ఉన్నంత మాత్రాన అధికారం చేతిలో ఉన్నట్లు కాదు. లోపలివాడు అన్నీ చూస్తాడు, అన్నీ చేయలేడు. ఈ సత్యం గెజిటు కాగితాలలో కనిపించదు, దినచర్యలోనే కనిపిస్తుంది.

అట్లని పిళ్ళె వ్రాసినదంతా కళ్ళ కద్దుకోనక్కరలేదు. గవర్నరు తనను మెచ్చుకున్న మాటలు ఆయన పొల్లుపోకుండా వ్రాసుకున్నాడు. తన పోటీదారులను గూర్చి, డూప్లే భార్యను గూర్చి కసితో వ్రాశాడు. పైగా ముజఫర్ జంగు ఆయనకు మూడువేల గుర్రాల మన్సబు ఇచ్చాడు. కాబట్టి ముజఫర్ జంగు పక్షం గూర్చి ఆయన వ్రాసినప్పుడు ఆ మన్సబును కూడా మనం గుర్తుంచుకోవాలి. సాక్షి మంచివాడే, కాని సాక్షికి కూడా ఉప్పు తిన్న ఇల్లు ఒకటి ఉంటుంది.

ఇప్పుడు ఆ పాండిచ్చేరి దర్బారుకూ మన సముద్రపు ఒడ్డుకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఉంది. 1750 డిసెంబరులో జింజి దగ్గర నిజాం నాసిర్ జంగును కుట్ర చేసి చంపారు. ముజఫర్ జంగు నిజాం అయినాడు. రెండు నెలలకే, 1751 ఫిబ్రవరిలో, కడప ప్రాంతంలో ఆయన కూడా హతమయ్యాడు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాపతి బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగును గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆ ఫ్రెంచి పటాలానికి జీతాలు ఎవరు ఇవ్వాలి? 1753 చివర ఔరంగాబాదులో దానికి జవాబు తేలింది. ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు, ఈ నాలుగు సర్కారులు సిపాయిల జీతాల క్రింద ఫ్రెంచివారికి రాసి ఇచ్చారు. చికాకోలు అంటే మన శ్రీకాకుళమే. కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఉన్న ఊరే.

ఈ పంపకం వల్ల ఇక్కడ ఏం జరిగిందో చూడండి. అప్పటివరకు రాజమహేంద్రవరం, చికాకోలు ఏలుతున్న జాఫర్ అలీ ఖాన్ ఒప్పుకోలేదు. ఆయన పిలుపు మీద నాగపురం మరాఠాలు 1754లో వచ్చి సీమంతా దోచి పోయారు. బుస్సీ విజయనగరం పూసపాటి విజయరామరాజుకు సర్కారులు కౌలుకు ఇచ్చాడు. విజయరామరాజుకూ బొబ్బిలికీ ఉన్న పాత పగ 1757 జనవరి 24న బొబ్బిలి కోట బుగ్గి కావడంతో ముగిసింది. కోట ముగిసింది గాని పగ ముగియలేదు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలో పొడిచి చంపాడు. కొత్త రాజు ఆనందరాజు ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పతనం, ఆ మీద ఫ్రెంచివారి పని సర్కారులలో సరి.

బొబ్బిలి నిర్ణయం జరిగిన గుడారంలో కూడా దుబాసీ వంటివాడు ఒకడు ఉన్నాడు. బుస్సీ దివాను హైదర్ జంగు. ఆయన అసలు పేరు అబ్దుర్ రహమాన్, మన మచిలీపట్నంవాడు. బుస్సీ చెవిలో మాట వేసి బొబ్బిలి మీదికి సైన్యాన్ని నడిపించినది ఈయనే అని కథలు చెబుతాయి. 1758లో ఔరంగాబాదులో హత్యకు గురైనాడు. ఆయన రోజ్‌నామ్చా ఏదీ మనకు చేరలేదు. అందువలన ఏమైంది? పాండిచ్చేరి సంగతులు లోపలివాడి నోట వింటున్నాము. బొబ్బిలి సంగతులు మాత్రం రాబర్టు ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుని పుస్తకంలోనూ, జంగాలు పాడిన బొబ్బిలి కథలోనూ వెదుక్కుంటున్నాము. హైదర్ జంగు లంచం తీసుకున్నాడా, తీసుకుంటే ఎంత, బుస్సీ నిజంగా మోసపోయాడా, తెలిసే మోసపోయినట్లు నటించాడా? ఆయన తరఫు మాట వినే దారి లేదు. ఆయనను దోషి అనడం సులభం, ఎందుకంటే ఆయన కాగితం లేదు. ఒక కాగితం లేనందువల్ల మనిషి ఒక కథలో దుర్మార్గుడిగా శాశ్వతంగా నిలిచిపోవచ్చు. ఇది చాలా పెద్ద సంగతి.

రెండవ సందర్భం మన కాలానికి దగ్గరిది, 1947-48 నాటి హైదరాబాదు. ఇక్కడ కాగితాలకు కొరత లేదు, ఎక్కువే. భారత ప్రభుత్వ ఏజెంటు జనరలు కె. ఎం. మున్షీ 1957లో తన జ్ఞాపకాలు ప్రకటించాడు. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుండి తప్పించుకుని పాకిస్తాను చేరి, 1962లో తన పుస్తకం వెలువరించాడు. సంస్థానాల శాఖ కార్యదర్శి వి. పి. మీనన్ 1956లో వ్రాశాడు. మౌంట్‌బాటెన్ పత్రికా వ్యవహారాల అధికారి కాంబెల్ జాన్సన్ 1948 మేలో స్వయంగా హైదరాబాదు వచ్చి వెళ్ళాడు. ఆయన 1951లో తన పుస్తకాన్ని డైరీ రూపంలోనే అచ్చు వేశాడు. అంతకు ముందు ప్రధానిగా ఉన్న ఛతారీ నవాబు ఉర్దూలో యాదె అయ్యామ్ అని తన జీవితం వ్రాసుకున్నాడు.

1947 అక్టోబరు 27 తెల్లవారుజామున జరిగిన ఒక సంఘటన చాలు. యథాతథ ఒడంబడిక మీద సంతకం విషయమై నిజాం ప్రతినిధులు ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా, వారి ఇళ్ళను ఇత్తెహాదు గుంపులు చుట్టుముట్టాయి. ప్రయాణం ఆగిపోయింది, ఛతారీ నవాబు పదవి వదులుకున్నాడు, మరుసటి నెల 29న ఇంచుమించు అదే ఒడంబడిక మీద నిజాం సంతకం చేశాడు. ఒక్క రాత్రి, నగరం ఒకటే. కాని పదవి కోల్పోయినవారు ఒక రకంగా, తర్వాత పదవి పొందినవారు ఇంకొక రకంగా, ఢిల్లీ నుండి చూసినవారు మరొక రకంగా దాన్ని చూస్తారు. గెలిచినవాడి పుస్తకం ఒక్కటే చదివినవాడికి సగం తెలుస్తుంది. ఓడినవాడి పుస్తకం ఒక్కటే చదివినవాడికి కూడా సగమే తెలుస్తుంది. మనలో కొందరు రెండవ తప్పు ఎక్కువగా చేస్తారని చెప్పక తప్పదు.

ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. ఆనాటి రాత్రే వ్రాసినది దినచర్య. పదేళ్ళ తర్వాత వ్రాసినది జ్ఞాపకం. జ్ఞాపకం వ్రాసేవాడికి ఫలితం ముందే తెలుసు. ఆ ఫలితానికి తాను బాధ్యుడు కాదని చెప్పుకోవాలనే తాపత్రయం ఉంటుంది. పిళ్ళెకు రేపేం జరుగుతుందో తెలియదు. అందుకే ఆయన భయపడినప్పుడు నిజంగా భయపడినట్లు ఉంటుంది.

ఇంత మంది పెద్దలు ఇన్ని పేజీలు వ్రాశారు గదా, 1948 సెప్టెంబరుకు ముందు రజాకార్ల చేతిలోను, పోలీసు చర్య తర్వాత ప్రతీకారంలోను పల్లెలలో పడిన సామాన్యుల సంగతి ఎవరు వ్రాశారు? పోలీసు చర్య తర్వాత జరిగినదాన్ని విచారించడానికి నెహ్రూ గారు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులను పంపారు. వారు జిల్లాలు తిరిగి, చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసి నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక దశాబ్దాల తరబడి మూలపడి, 2013 ప్రాంతంలో గాని అందరికీ అందుబాటులోకి రాలేదు. దర్బారు లోపలివారి పుస్తకాలు పదిహేనేళ్ళలోపే అంగళ్ళలోకి వచ్చాయి. బయటివారి లెక్క వెలుగు చూడడానికి అరవై అయిదేళ్ళు పట్టింది. ఏ పక్షం చేతిలో చనిపోయినవాడైనా సరే, పేదవాడి వంతు కాగితం ఇలాగే ఆలస్యంగా వస్తుంది.

కాగితం ఎప్పుడు బయటికి రావాలి అనేది కూడా అధికారానికి సంబంధించిన ప్రశ్నే. ఇంగ్లండులో మంత్రిగా చేసిన రిచర్డ్ క్రాస్‌మన్ తన మంత్రివర్గ సమావేశాల సంగతులు డైరీగా వ్రాసి 1974లో చనిపోతే, అచ్చు ఆపాలని అక్కడి ప్రభుత్వం కోర్టుకు ఎక్కింది. 1975లో కోర్టు ఆపడానికి నిరాకరించింది, పుస్తకం వచ్చింది. మన మౌలానా ఆజాద్ గారు తన పుస్తకంలో ముప్పై పేజీలు విడిగా సీలు వేయించి, ముప్పై ఏళ్ళు ఆగమన్నారు. పుస్తకం ఆయన గతించిన మరుసటి ఏడు 1959లో వస్తే, ఆ పేజీలు 1988లో తెరిచారు. మన తెలుగువాడైన పి. వి. నరసింహారావు గారు తాను చూచిన రాజకీయాన్ని నేరుగా కాక, 1998లో అఫ్రోజాబాదు అనే కల్పిత రాష్ట్రం పేరుతో నవలగా వ్రాశారు. ఒకరు కోర్టు దాటి చెప్పారు, ఒకరు కాలం దాటి చెప్పారు, ఒకరు పేర్లు దాచి చెప్పారు. లోపలి మాట బయట పెట్టడం ఎంత కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది.

కాబట్టి ఇటువంటి పుస్తకం చేతికి వచ్చినప్పుడు చదువుకునే మన యువకులు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఆనాడే వ్రాసిందా, తర్వాత వ్రాసిందా? వ్రాసినవాడికి ఈ సంగతిలో లాభనష్టాలు ఏమిటి? ఇదే సంగతిని ఎదుటి పక్షంవాడు వ్రాశాడా, వ్రాస్తే ఏమన్నాడు? ఈ నిర్ణయం ఎవరి నెత్తిన పడిందో వారి మాట ఇందులో ఎక్కడైనా ఉందా? మొదటి మూడు ప్రశ్నలు చరిత్ర విద్యార్థులు ఎలాగూ వేస్తారు. నాలుగవది మనవంటి చిన్న ఊళ్ళవారు వేయవలసినది.

మన భావనపాడు సంగతే తీసుకోండి. ఔరంగాబాదులో 1753లో సర్కారులు రాసి ఇచ్చినప్పుడు ఈ ఒడ్డున వలలు వేసుకునేవారిని ఎవరూ అడగలేదు, వారు ఏమనుకున్నారో ఎవరూ వ్రాయలేదు. ప్రజారాజ్యం వచ్చిన తర్వాత కూడా ఆ బాకీ పూర్తిగా తీరలేదు. ప్రక్కనే కాకరాపల్లి తంపర భూములలో విద్యుత్ కేంద్రం వద్దని జనం లేచినప్పుడు 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. భావనపాడు పేరుతో మొదలైన ఓడరేవు ఆలోచన మూలపేట దగ్గర స్థిరపడి, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఈ నిర్ణయాలు జరిగిన గదులలో ఉన్నవారు ఎవరైనా దినచర్య వ్రాసి ఉంటే, ఏనాటికో అచ్చు కావచ్చు. మన మనుమలు చదవవచ్చు. కాని భూమి ఇచ్చినవాడు, ఇవ్వనన్నవాడు, పడవ జాగా మారినవాడు ఏమన్నాడో ఆ పుస్తకంలో ఉంటుందన్న భరోసా లేదు.

అందుచేత మా మనవి ఇది. అది మతానికి గాని, పార్టీకి గాని సంబంధించినది కాదు. ఇంటింటా ట్రంకు పెట్టెలలో పాత దస్తావేజులు, కౌలు కాగితాలు, నిఖానామాలు, ఉత్తరాలు ఉంటాయి. ఉర్దూలోనో ఫారసీలోనో ఉండి చదివేవారు లేక చెదలు పాలవుతున్నాయి. వాటిని పారవేయకండి. చదవగలవారి చేత చదివించి, తెలుగులో అర్థం వ్రాయించి ఉంచండి. జమాతు, సంఘం సమావేశాలలో మినిట్సు పుస్తకం అని ఒకటి ఉంటుంది. అందులో 'అందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు' అని ఒక్క ముక్క వ్రాసి ఊరుకోకుండా, కాదన్నవారెవరు, ఎందుకన్నారు అని కూడా వ్రాయండి. ఊరికి పెద్ద సంగతి ఏదైనా వచ్చినప్పుడు ముసలివారి మాట, ఆడవారి మాట తారీఖు వేసి వ్రాసి పెట్టండి. పదో తరగతి చదివిన పిల్లవాడు ఈ పని చేయగలడు, దీనికి పెద్ద చదువు అక్కరలేదు.

ఆనందరంగ పిళ్ళె తన కాగితాలు ఎవరైనా చదువుతారని అనుకున్నాడో లేదో గాని, వ్రాయడం మానలేదు. గదిలో ఉన్నవాడు వ్రాశాడు కాబట్టి గది సంగతి మనకు తెలిసింది. ఒడ్డు మీద ఉన్నవారు కూడా వ్రాస్తే ఒడ్డు సంగతి తెలుస్తుంది. రెండూ ప్రక్క ప్రక్కన పెట్టి చదివిననాడు గదా మనం దాన్ని చరిత్ర అనగలిగేది.